లిటిట్స్: వాద్యనిర్మాత నివసించిన ఊరు

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని పెన్సిల్వేనియాయందు, లాంకాస్టర్ నగరమున కుత్తరముగా, సారవంతములైన పొలముల నడుమ లిటిట్స్ అను చిన్న పట్టణము కలదు. బొహీమియా దేశమున 1457లో వెలసి, తరతరములు హింసలకు లోనై చెదరిపోయి, 18వ శతాబ్దమున సాక్సనీలోని హెర్న్‌హూట్ గ్రామమున జిన్‌జెండార్ఫ్ ప్రభువు ఆశ్రయమున పునరుజ్జీవితమైన మొరేవియన్ క్రైస్తవసమాజమువారు, తమ సమాజపు జన్మభూమియైన ప్రాంతము పేరునే పెట్టుకొని 1756లో ఈ యూరిని నిర్మించుకొనిరి. సుమారు నూరేండ్లపాటు ఆ సమాజమునకు చెందనివారి కిచ్చట స్థిరనివాసపు హక్కు లేకుండెను.

నేడు లిటిట్స్‌కు పోవువారిలో పెక్కురు 1861 నాటి ప్రెట్జెల్ బట్టీని, జూలై 4వ తేదీ రాత్రి ఊటల తోటలో వెలిగించు కొవ్వొత్తుల వరుసలను చూచుటకై పోవుదురు; అవియు చూడదగినవే. కాని నా దృష్టిలో ఆ యూరి మాహాత్మ్యము, మెయిన్ స్ట్రీట్‌లో రాష్ట్రప్రభుత్వము నిలిపిన చారిత్రక ఫలకముపై నున్న, వాద్యనిర్మాతయైన డేవిడ్ టానెన్‌బర్గ్ అను పేరునందే యున్నది. ధనికునకును దరిద్రునకును ఒకే కొలత గల పలకను సమాధిపై నేలకు సమముగా పరచు సమాజము మొరేవియనులది. ఒకరు మరణించినచో ట్రోంబోన్లు ఊది ఆ వార్తను చాటెడివారు. ఊదిన కీర్తన వరుసనుబట్టియే పోయినవారు బాలురో, అవివాహితులో, వితంతువులో ఊరివారు గ్రహించెడివారు. వ్యక్తికి ప్రత్యేకగౌరవ మీయక, నాదమున కింతటి గౌరవ మిచ్చిన యా జనులలో ఒక వడ్రంగికి ఫలకము నిలుచుట నాకెంతయు సముచితముగా తోచును.

1728లో సాక్సనీలోని బెర్తెల్స్‌డార్ఫ్‌లో, మొరేవియా విడిచివచ్చిన కుటుంబమున జన్మించి, 1749లో సముద్రము దాటి పెన్సిల్వేనియాలోని బెత్లెహామ్ చేరి, వడ్రంగముచే జీవించుచుండిన టానెన్‌బర్గ్‌కు, యోహాన్ గాట్లాబ్ క్లెమ్ అను వృద్ధ ఆర్గన్ నిర్మాత తన విద్యను ధారపోసెను. 1762లో గురువు గతించెను. 1765లో శిష్యుడు లిటిట్స్ చేరి, జీవితాంతము అచ్చటనే తన వృత్తి సాగించెను.

ఆర్గన్ మన హార్మోనియమువలె ఎదుట నుంచుకొని వాయించు పెట్టె కాదు. గోడయెత్తున నిలుచు కట్టడము. తిత్తులనుండి వచ్చిన గాలి పెట్టెలో నిండి, మెట్టు నొక్కినంతనే, ఆ స్వరమునకు నియతమైన గొట్టమున దూరి పలుకును. గొట్టములలో కొన్ని కొయ్యవి, కొన్ని తగరమును సీసమును కలిపి పోసిన రేకును చుట్టి అతికినవి. పొడవునుబట్టి శ్రుతి, వ్యాసమునుబట్టి నాదపు గాంభీర్యమో తీక్ష్ణతయో ఏర్పడును గావున, ప్రతి గొట్టమునకును లెక్క తప్పరాదు. ఈ లెక్కలను నిర్ణయించి జర్మనీలో గియోర్గ్ ఆండ్రియాస్ సోర్గె రచించిన గ్రంథపు ప్రతి టానెన్‌బర్గ్‌కు లభించెను. అడవులు నరికి ఊళ్లు కట్టుకొనుచున్న దేశమున, చిత్రికయు ఉలియు పట్టిన చేతితోనే గణితమును సాధించి, తన సమాజమునకే గాక లూథరన్, రిఫార్మ్‌డ్ సమాజములకు సైతము దాదాపు 50 ఆర్గన్లు నిర్మించి యిచ్చిన యీ మహనీయుని పనివాడని మాత్రమే తలచుట అన్యాయము, ఆయన సంగీతజ్ఞుడే.

ఆయన నిర్మించిన ఆర్గన్లలో మిక్కిలి పెద్దది ఫిలడెల్ఫియా జయన్ లూథరన్ దేవాలయమునకై 1790లో చేయగా, నాలుగేండ్లకే అగ్నిపాలయ్యెను. 1804 మే నెలలో యార్క్ పట్టణమున క్రొత్త ఆర్గన్‌ను శ్రుతిచేయుచుండగా ఆయన హఠాత్తుగా కుప్పకూలి, 19వ తేదీన, 76వ యేట, ప్రాణములు విడిచెను. 1800లో ఉత్తర కరొలైనాలోని సేలమ్‌కు చేసి పంపిన ఆర్గన్, 1910లో విప్పబడి దశాబ్దములపాటు మూలబడి యుండి, 2004లో పునరుద్ధరింపబడి నేడు మరల మ్రోగుచున్నది. 1787 నాటి దొకటి లిటిట్స్‌లోనే యున్నది.