చర్మం చెప్పిన కబురు

'పైన పటారం, లోన లొటారం' అన్న సామెత మనుషుల ఆడంబరానికి సరిపోతుందేమో గాని, చర్మానికి సరిపోదు. లోపల దాగిన వ్యాధిని అది కొన్నిసార్లు దాచకుండా పైకి చెబుతుంది. ఆ కబురును అందుకొనే చూపు ఉండాలి. అటువంటి చూపు ఒక సన్యాసినికి ఉండేది.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, రోచెస్టర్ పట్టణాన, 1889లో సెయింట్ మేరీస్ ఆసుపత్రి ప్రారంభమైంది. జూలియా డెంప్సీ అనే ఐరిష్ సంతతి స్త్రీ అంతకుముందే సన్యాసం స్వీకరించి సిస్టర్ మేరీ జోసెఫ్ అయింది. ఆ ఆసుపత్రిలో నర్సుగా చేరి, విలియం మేయో అనే శస్త్రవైద్యునికి సహాయకురాలైంది. శస్త్రచికిత్సకు ముందు రోగి ఉదరాన్ని శుభ్రపరచడం ఆమె పనులలో ఒకటి. పైకి అది చిన్న పని. ఆ పనిలోనే కొందరి బొడ్డు దగ్గర గట్టి బుడిపె ఒకటి ఆమె చేతికి తగిలేది. అటువంటివారి పొట్ట కోసి చూస్తే, లోపల క్యాన్సర్ అప్పటికే వ్యాపించి ఉండేది. కాకతాళీయమని ఆమె ఊరుకోలేదు, వైద్యునికి తెలిపింది. మేయో ఆ విషయాన్ని 1928లో ప్రకటించాడు. ఆ బుడిపెను ఆమె పేరుతో పిలవడం మాత్రం హామిల్టన్ బెయిలీ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు 1949లో మొదలుపెట్టాడు. అప్పటికి ఆమె కన్నుమూసి పదేళ్లు!

నిజానికి బొడ్డు బుడిపె ఆలస్యంగా అందే కబురు. అంతకంటే ముందు అందేవీ కొన్ని ఉన్నాయి. మెడ మీద, చంకలలో చర్మం నల్లబడి, మందమై, మఖమలు గుడ్డవలె మారడం వాటిలో ఒకటి. మురికి అనుకొని సబ్బుతో రుద్ది రుద్ది విసిగేవారే ఎక్కువ. పడుచువారిలో ఇది కనిపిస్తే స్థూలకాయమో, మధుమేహ సూచనో అయి ఉండడమే సాధారణం. భయపడనక్కరలేదు గాని, రక్తపరీక్ష చేయించుకోవాలి. నడివయస్సు దాటిన బక్కపలచని మనిషిలో అదే నలుపు హఠాత్తుగా వచ్చి త్వరత్వరగా వ్యాపిస్తే, అరచేతులు కూడా గరుకుగా మందమైతే, వైద్యుడు చర్మానికి లేపనం రాసి పంపడు, జీర్ణకోశాన్ని పరీక్షిస్తాడు. దద్దురు లేని దురద కూడా అటువంటిదే. చాలామందిలో అది పొడిచర్మం వల్లనే వస్తుంది. వారాల తరబడి తగ్గకుండా, దానికి జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం తోడైతే మాత్రం శోషరస గ్రంథులలో క్యాన్సర్ ఉందేమో చూడవలసి ఉంటుంది.

ఉదరపరీక్ష నేర్చుకొనే వైద్యవిద్యార్థికి నేటికీ బొడ్డును చూడమని, తాకమని చెబుతారు. ఆ సందర్భంలోనే సిస్టర్ మేరీ జోసెఫ్ పేరు అతని చెవిన పడుతుంది.