పడకగదికి తొలి స్టీరియో ఆంప్లిఫయర్: ముందు చెవిని పరీక్షించుకోండి

ఇక్కడ మనం సాధారణంగా రక్తపోటు, మధుమేహం, ఫ్లోరోసిస్ వంటి విషయాలు చర్చించుకుంటాం. ఈసారి ఆంప్లిఫయర్ గురించి వ్రాస్తున్నందుకు ఆశ్చర్యపడకండి. చెవికి చేరే శబ్దాన్ని పెంచే ఏ సాధనమైనా వైద్యునికి సంబంధించినదే.

నా ఉద్యోగ జీవితంలో అధికభాగం నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో గడిచింది. క్వార్టర్సులో మాకు తోడు ఒక ట్రాన్సిస్టర్ రేడియో. ఘంటసాల పాటైనా, బాలమురళీకృష్ణ గాత్రమైనా, ప్రాంతీయ వార్తలైనా దాని ఒక్క చిన్న స్పీకరులోనే వినేవాళ్ళం. డెబ్బై దాటిన తరువాత, పడకగదిలో పెట్టుకోవడానికి తొలిసారిగా ఒక స్టీరియో కొనాలని సంకల్పించాను. పిల్లలు పెద్దదే కొందామన్నారు. నా శ్రీమతి మాత్రం, "మీరు పెట్టే టీవీ చప్పుడే వీధి చివరిదాకా వినబడుతున్నది, ఇంక ఇది కూడానా?" అన్నది.

వైద్యుని చెవికి ఆ మాట ఫిర్యాదుగా కాక రోగలక్షణంగా వినిపించింది. అందుకే దుకాణానికి వెళ్ళేముందు ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకున్నాను. మంద్ర ధ్వనులు బాగానే వినబడుతున్నాయి. 4000 హెర్ట్జ్ దాటిన తరువాత రెండు చెవులలోనూ గ్రాఫు కిందికి దిగిపోయింది. వయసుతో వచ్చే ఈ వినికిడి లోపాన్ని ప్రెస్బిక్యూసిస్ అంటాము. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు పుట్టుకతో సుమారు 15 వేలు ఉంటాయి. నశించినవి తిరిగి పెరగవు.

ఇటువంటి లోపంలో అచ్చులు వినబడతాయి. స, ష, త, ప వంటి హల్లులు జారిపోతాయి. మాట చెవిని పడుతుంది కాని అర్థం కాదు. ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. నలభై ఏళ్ళుగా విన్న పాటలో జారిపోయిన అక్షరాన్ని జ్ఞాపకం పూరిస్తుంది. మనుమరాలు ఫోనులో చెప్పే కొత్త కబురును ఏ జ్ఞాపకమూ పూరించలేదు. కాబట్టి "పాటలు బాగానే వినబడుతున్నాయి, నా చెవులకేమీ కాలేదు" అనే నమ్మకం ప్రమాదకరం. 2024లో లాన్సెట్ కమిషన్ మతిమరుపు వ్యాధికి దారితీసే, మనం సరిదిద్దుకోగలిగిన 14 కారణాలలో వినికిడి లోపాన్ని కూడా చేర్చింది. నాకు వినికిడి యంత్రం సూచించారు, వాడుతున్నాను. ఆంప్లిఫయర్ దానికి ప్రత్యామ్నాయం కాదు.

ఇక ఆంప్లిఫయర్ సంగతి. అట్టపెట్టెపై ముద్రించే వేల వాట్ల "పీఎంపీఓ" అంకెను పట్టించుకోకండి. "ఆర్ఎంఎస్" వాట్లు ఎన్నో అడగండి. సాధారణ స్పీకరుకు ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో సుమారు 87 డెసిబెల్స్ శబ్దం వస్తుంది. మామూలు సంభాషణ 60 డెసిబెల్స్. అంటే పది, పన్నెండు అడుగుల పడకగదిలో హాయిగా వినడానికి ఒక వాటులో పదోవంతు చాలు. మృదంగం దెబ్బ వంటి క్షణికమైన ఉచ్ఛస్థాయికి దానికి నూరు రెట్లు, అంటే పది వాట్లు, కావలసి రావచ్చు. కనుక చానెలుకు 20 నుండి 30 వాట్లు ధారాళంగా సరిపోతాయి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. శబ్దం రెట్టింపైనట్లు అనిపించాలంటే వాట్లు పదిరెట్లు కావాలి. పెద్ద యంత్రానికి పెట్టే అదనపు డబ్బును మంచి స్పీకర్లకు మళ్ళించడం మేలు. స్పీకరుపై వ్రాసిన ఓములు, ఆంప్లిఫయర్ అనుమతించే ఓములు సరిపోలుతున్నవో లేదో కూడా చూడండి.

బ్యాలెన్స్ మీట, మోనో మీట ఉన్నవా అని అడగండి. ఒక చెవి మందగించినవారికి స్టీరియోలో ఒక పక్క వాద్యం లోపించినట్లు ఉంటుంది. మోనోలో రెండు పక్కల సంగీతమూ మంచి చెవికి అందుతుంది. మన పాత సినిమా పాటలు అధికభాగం మోనోలో రికార్డయినవే కనుక నష్టమేమీ లేదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలలో ఫ్లోరోసిస్ వలన మెడ, వెన్ను బిగుసుకుపోయి వంగలేనివారిని ఎందరినో చూశాను. అటువంటివారు ఉన్న ఇంట్లో మీటలు నడుము ఎత్తున ఉండాలి, రిమోటు తప్పనిసరి.

మన ఇళ్ళలో నున్నని బండల నేల, పైన స్లాబు; శబ్దం ప్రతిధ్వనించి మాట చెదురుతుంది. నేలపై మందమైన జంపఖానా పరచి, కిటికీకి దళసరి తెర కట్టండి. వాల్యూమ్ పెంచకుండానే స్పష్టత పెరుగుతుంది. మన వేసవి తీవ్రత మీకు తెలియనిది కాదు. యంత్రాన్ని అలమరలో మూసిపెట్టవద్దు, దానిపై గుడ్డ కప్పవద్దు. మూడు పిన్నుల ప్లగ్గుకు సరైన ఎర్తింగ్ ఉండాలి. ఉరుములు, మెరుపులు మొదలైతే ప్లగ్గు తీసివేయండి.

ఎంత శబ్దం క్షేమం? పెద్దవారికి వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్, పిల్లలకు 75 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 90 డెసిబెల్స్ అయితే పెద్దవారికి వారానికి 4 గంటలే. యంత్రాలు లేకుండా కొలిచే పద్ధతి ఇది: పాట మోగుతుండగా చేయి చాచినంత దూరంలో ఉన్నవారు గొంతు పెంచకుండా మాట్లాడితే మీకు అర్థం కావాలి. కాకపోతే తగ్గించండి. వినికిడి లోపం ఉన్నవారు ఈ పరీక్షను ఇంట్లో మరొకరి చెవితో చేయించాలి. పొరుగువారి నిద్రనూ మరువకండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెల్స్.

పాట ఆపిన తరువాత చెవిలో గింగురుమంటే అది హెచ్చరిక. ఒక చెవి అకస్మాత్తుగా వినబడకపోతే గులిమి అనుకొని నూనె పోయవద్దు. అది అత్యవసర స్థితి. అదేరోజు, లేదా రెండు మూడు రోజులు దాటకుండా, చెవి వైద్యునికి చూపించుకోవాలి; ఆలస్యమైతే చికిత్స ఫలించే అవకాశం తగ్గిపోతుంది. నా ఉద్యోగకాలంలో ఇటువంటివారిని హైదరాబాదు పంపవలసి వచ్చేది. 2016లో మహబూబ్‌నగర్‌లోనూ, 2019లో నల్లగొండలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటి ఆసుపత్రులలోని చెవి, ముక్కు, గొంతు విభాగానికి వెళ్ళండి.

చివరకు నేను కొన్నది చానెలుకు 25 వాట్ల చిన్న ఆంప్లిఫయర్. దాని మీట ఇంతవరకు సగం దాటలేదు. అరవై దాటినవారు ఏ సెట్టు కొన్నా, ముందుగా ఒక్కసారి ఆడియోమెట్రీ చేయించుకోండి. సెట్టు పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు. చెవికి ఆ వీలు లేదు.