వసారా చివర అమ్మ

మా పుట్టినింటి మండువా లోగిలి నిరుడు పరుల పాలైనది. కొన్నవారు దానిని పడగొట్టించిరి. ఛాయాపటములు లేకపోలేదు గాని, అవి యన్నియు పెండ్లిండ్లనాటివి. మధ్యాహ్నపువేళ వసారా చివర గుమ్మము నానుకొని కూర్చుండి, అడకత్తెరతో వక్కలు కత్తిరించుకొనుచుండిన మా తల్లి వానిలో నెక్కడను లేదు. ఆమె పోయి ఆరేండ్లయినది. ఆ దృశ్యమును కొయ్యపలకపై చెక్కి, అచ్చులు తీసి, తోబుట్టువుల కందఱకును పంపవలెనని మాకు కోరిక పుట్టినది.

ఈ పని యెఱుగని సోదరీమణులకొక మాట. అచ్చులో తెల్లగా నుండవలసిన భాగమును పలకపై ఉలితో తొలగింతురు. మిగిలిన మిట్టకు సిరా పూసి, కాగితము పఱచి, గరిటె వెనుకభాగముతో రుద్దినచో అచ్చు పడును. ఉలి తీసివేసినది తిరిగి రాదు. వంటలో ఉప్పెక్కువైన నుపాయము కలదు గాని యిందు లేదు. కావున లోటుపాట్లన్నియు ముందుగా కాగితముపైననే దిద్దుకొనవలయును.

దగ్గఱిది పెద్దదిగను, దూరపుది చిన్నదిగను కనబడునట్లు గీచు పద్ధతిని చిత్రకారులు పర్‌స్పెక్టివ్ అందురు. ఆ నియమములు చదువుకొని, వసారా యీవలి కొనను నిలుచుండి చూచినట్లు మొదటి చిత్రము గీచితిమి. స్తంభములు ముచ్చటగా తగ్గుచు పోయినవి. ముందున్న రోలు గుమ్మడికాయంత, అమ్మ గురిగింజంత! శాస్త్రమునకు లోటు లేదు, అమ్మయే కానరాదు. మనసొప్పక రెండవ చిత్రమున నామెను పెద్దది చేసితిమి. అంతట వసారా బొమ్మరిల్లయి, ఆమె తల దూలమునకు తగిలినది. విసుగు పుట్టి పలకను బీరువాపై పెట్టివేసితిమి.

పిమ్మట నొకనాడు జపాను చిత్రకారుడు హొకుసాయి 1831 ప్రాంతమున వెలువరించిన కనగావా కెరటపు అచ్చు మా కంటబడినది. అప్పటికతడు డెబ్బది యేండ్లు దాటినవాడు. 1805 ప్రాంతమునను అతడు పడవలపై విరుచుకొనిపడు కెరటమును చిత్రించియుండెను. కాని యది మా కంటికి గోడవలె నిలిచిపోయినట్లు తోచును. పాతికేండ్లకు అదే విషయమును మరల చేపట్టి, చూపును నీటిమట్టమునకు దింపినాడు. 3776 మీటర్ల ఫ్యూజీ పర్వతము కెరటము క్రింద చిన్న గోపురమంత! అయినను కన్ను పోయి నిలుచునది అచ్చటనే.

అప్పుడు తట్టినది: అమ్మను మేమట్లు నిలుచుండి యెన్నడు చూచితిమి? రోటిప్రక్కన గచ్చుమీద కూర్చుండి, గచ్చకాయలాడుకొనుచు చూచినదే కదా! కూర్చున్న మా కన్నులును, కూర్చున్న అమ్మ కన్నులును ఇంచుమించు ఒకే యెత్తు. కంటియెత్తు గీతను అచ్చటికి దింపి మూడవమారు గీచితిమి. గచ్చు అంచు పైకెక్కుచు, దూలములు క్రిందికి దిగుచు, అన్నియు అమ్మ మొగమునొద్ద కలిసికొన్నవి. ఆమె పరిమాణము పిసరంతయు పెరుగలేదు. రోలు మాత్రము పలక అంచున సగము తెగిపోయినది.

ఇరువది దినములు చెక్కి, తొలి యచ్చు తీసి, సంబరముతో మా అక్కగారికి చూపితిమి.

“అమ్మకు ఎడమచేతివాటమెప్పుడు వచ్చినదే?” అనిరి.

గుండె జాఱినది. అచ్చులో కుడి యెడమలు తాఱుమాఱగునని యెఱిగియు మఱచితిమి. జపానులో చిత్రమును పలకపై బోర్లించి యతికించి చెక్కుట యిందుకే. ఆ పలక వంటచెఱకైనది. క్రొత్తపలక తెచ్చి, చిత్రమును బోర్లించి, మరల మొదటినుండి చెక్కితిమి.

ఈమారు అక్కగారు అచ్చును చేతబట్టి చాలసేపు పలుకలేదు. కడకు, “రోలు సగమే యున్నదేమే?” అనిరి.

మిగిలిన సగము మా వెనుక నున్నదని చెప్పితిమి.