ఫైళ్లు గాయబ్ కాలేదు బేటీ

మా మొహల్లా కంప్యూటర్ గదిలో ఆరు లినక్స్ మిషన్లు, ఒక సర్వరు. పిల్లల ఫైళ్లన్నీ సర్వర్‌లోనే. ఏ మిషన్ ముందు కూర్చున్నా ఎవరి హోమ్ ఫోల్డర్ వాళ్లకు తెరుచుకుంటుంది. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ అనే ఇంతెజాం ఇది.

కరెంటు పోయి వస్తే మాత్రం పరేషానీ. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి రోజున ఓ ఇంటర్ అమ్మాయి ముందు ఖాళీ ఫోల్డర్ తెరుచుకుంది. మెమోలు లేవు, ఆదాయ సర్టిఫికెట్ లేదు. పాపం, ఏడుపు దిగమింగుకుని అరగంట కూర్చుని దరఖాస్తు మళ్లీ టైపు చేసుకుంది.

"భాయ్‌జాన్, అన్నీ గాయబ్!"

"లేదు బేటీ, సర్వర్‌లో అమానత్‌గా ఉన్నాయి. నీ మిషన్ వాటిని అందుకోలేదు, అంతే."

మిషన్ లేవగానే ఎఫ్‌స్టాబ్ ఫైలు చదివి సర్వర్ దర్వాజా తడుతుంది. అప్పటికి నెట్‌వర్క్ లేవకపోతే, సర్వర్ ఇంకా తెరుచుకోకపోతే జవాబు రాదు. వజూ కాకుండానే నమాజుకు నిలబడ్డట్టు! తర్తీబ్ తప్పింది. హోమ్ ఫోల్డర్ లేకపోతే మా మిషన్లు కొత్తది ఖాళీగా తయారుచేసి ఇస్తాయి. ఆ అమ్మాయి చూసింది దాన్నే.

ఇక్కడ జల్దీ పడకూడదు. ఖాళీ ఫోల్డర్‌లో రాసుకున్నది, సర్వర్ ఫోల్డర్ వచ్చి మీద కూర్చోగానే కింద దాక్కుంటుంది. చెరిగిపోదు గానీ కనబడదు. అందుకే ముందు ఆమెను లాగౌట్ చేయించి, దరఖాస్తును వేరే చోటికి కాపీ చేశాను. సర్వర్‌ను పింగ్ చేస్తే పలికింది. రూట్‌గా 'మౌంట్ మైనస్ ఏ' కొట్టగానే మెమోలన్నీ వచ్చేశాయి. చేత్తో కొడితే వచ్చిందంటే ఎఫ్‌స్టాబ్ లైను, సర్వరు రెండూ సహీగానే ఉన్నట్టు. లోపం లేచే వరసలోనే.

ఇలాజ్ కూడా ఎఫ్‌స్టాబ్ లైన్లోనే. 'అండర్‌స్కోర్ నెట్‌డెవ్' చేరిస్తే నెట్‌వర్క్ కోసం ఆగుతుంది. నెట్‌వర్క్ లేచినా సర్వర్ లేవకపోవచ్చు కదా! అందుకే 'ఎక్స్ హైఫన్ సిస్టమ్‌డి డాట్ ఆటోమౌంట్' కూడా పెట్టాను. ఫోల్డర్‌ను ఎవరైనా ముట్టుకున్నప్పుడే మౌంట్ అవుతుంది. సర్వర్ దొరక్కపోతే ఎర్రర్ చూపిస్తుంది గానీ ఖాళీ ఫోల్డర్ ఇచ్చి ధోకా చేయదు.

మగ్రిబ్ లోపే అమ్మాయి దరఖాస్తు వెళ్లిపోయింది, అల్‌హమ్దులిల్లాహ్. గోడకు ఇప్పుడొక కాగితం అంటించి ఉంది: "కరెంటు వచ్చాక ముందు సర్వర్. ఐదు నిమిషాలు సబర్. తర్వాతే మిషన్లు. ఫోల్డర్ ఖాళీగా కనబడితే అందులో ఏమీ రాయొద్దు, పిలవండి."