హద్దు ఏర్పరచిన చేయి



గోదావరి యొడ్డున పుట్టి పెరిగిన మనవారిలో అనేకులు సముద్రమును చూడకయే కన్ను మూసిరి. నదిని ఎరుగుదుము. కిన్నెరసాని వచ్చి దానిలో కలియు చోటును ఎరుగుదుము. గాని ఆ నీరంతయు చివరకు ఎక్కడికి పోవుచున్నదో చూచి వచ్చుటకు మనలో ఎందరికి తీరిక దొరికినది? నాకు దొరకలేదు. దొరకలేదనుట కంటె, నేను చేసికొనలేదనుట నిజము. ఆ సంగతియే నేడు మీతో చెప్పుకొనుచున్నాను. ఇందులో నా తప్పిదము కొంత ఉన్నది. దేవుని కనికరము అంతకంటె ఎక్కువగా ఉన్నది.

మా ఊరు బూర్గంపాడు. 1986 ఆగష్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు వచ్చినప్పుడు నేను నాలుగేండ్లవాడను. మా అమ్మ నన్ను చంకనెత్తుకొని మిట్టకు నడచినది. మరల 2022 జూలైలో నది 71.3 అడుగులకు వచ్చినది. భద్రాచలము వద్ద అధికారులు నీటిమట్టమునకు మూడు గుర్తులు పెట్టియున్నారని మీకు తెలియును: 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండవది, 53 మూడవది. ఆ మూడింటిని దాటి నది వచ్చినది. పెద్ద నది అంతగా పొంగినప్పుడు కిన్నెరసాని నీటికి పోవు దారి ఉండదు. అది వెనుకకు తన్ని ఊళ్లమీద పడును. మా యింటిలోనికి నీరు వచ్చినది. బియ్యము పోయినది, బట్టలు పోయినవి. మా నాయన చదువుకొనిన బైబిలు బురదముద్దయైనది.

ఊరివారితోకూడ మేము బడిలో తలదాచుకొనియుండగా, ఒక రాత్రి అమ్మ నన్ను అడిగినది: "ఇన్ని నీళ్లు ఏడికి పోతయిరా కొడుకా?"

"సముద్రానికి పోతయమ్మా."

"మరి సముద్రం నిండదా?"

నేను నవ్వితిని. ఆమె నవ్వలేదు. "నన్నొక్కసారి తోల్కపోయి చూపిస్తవా?" అనెను. చూపిస్తానంటిని.

చదువరీ, మాట ఇచ్చుట సులభము. నీరు తీసినవెనుక అప్పు మిగిలినది. ఇల్లు నిలువబెట్టవలెను, చేనిలో ప్రత్తి మరల వేయవలెను. పొలము పని లేని దినములలో జామాయిల్ కర్రను లారీలకు ఎత్తు కూలికి పోయితిని. మొదట వారమునకు ఆరు దినములు పోయితిని. తరువాత ఆదివారమునాడు సగము కూలి ఎక్కువ ఇత్తుమనిరి. ఆదివారము కూడ పోయితిని. అప్పు తీరునంతవరకే గదా అని మనస్సునకు నచ్చచెప్పుకొంటిని. అట్లు దాదాపు రెండేండ్లు గడచెను. నా భార్య మొదట వాదించెను, తరువాత బ్రతిమాలెను, పిమ్మట అడుగుటయే మానెను. ఇంటిలో వాదన మానుట సమాధానము కాదని నేను అప్పుడు గ్రహింపలేదు.

ఒక ఆదివారము సండేస్కూలులో టీచరమ్మ పిల్లలను, "ఆదివారమునాడు మీ ఇంటిలో ఏమి చేయుదురు?" అని అడిగెనట. ఒకరు ప్రార్థన అనిరి, ఒకరు పాటలు అనిరి. మా అమ్మాయి లేచి, "మా నాన్న లారీ ఎత్తుతడు" అని చెప్పెనట. నా భార్య ఆ మాట ఏ నిందయు లేకుండ నాకు అన్నము వడ్డించుచు చెప్పినది. ఆ రాత్రి ముద్ద దిగలేదు.

2024 మే నెలలో ఒక శనివారము తెల్లవారకమునుపే మేము అయిదుగురము బయలుదేరితిమి. అప్పున్నవాడు విహారమునకు పోవచ్చునా అని మీరు అడుగుదురు. నేనును అడుగుకొంటిని. గోంగూర పచ్చడి, అన్నము మూట కట్టుకొంటిమి. నరసాపురములో నా భార్యకు వరుసకు అక్కయగునామె ఉన్నది. ఆ ఇంటిలో ఒక్క రాత్రి బస. అశ్వారావుపేట వరకు మన తెలంగాణ బస్సులో ఆడువారికి టికెట్టు లేదు. కావున ఖర్చు నేను భయపడినంత కాలేదు. అప్పు చేసి విహారము చేయుమని నేను ఎవరికిని చెప్పను. గాని ఖర్చును అడ్డము పెట్టుకొని ప్రేమను వాయిదా వేయువాడనై యుంటినని మాత్రము ఒప్పుకొనుచున్నాను.

అశ్వారావుపేటలో పామాయిలు తోటలు దాటి, జంగారెడ్డిగూడెము, తాడేపల్లిగూడెము, భీమవరము మీదుగా నరసాపురము చేరితిమి. అడవి పోయి మాగాణి వచ్చెను. మాగాణి పోయి చేపల చెరువులు, కొబ్బరి చెట్లు వచ్చెను. నరసాపురములో అమ్మను ఏటి గట్టునకు తీసికొనిపోయి, "ఇది మన గోదావరే" అంటిని. ఆమె నమ్మలేదు. ధవళేశ్వరము వద్ద కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట పూర్తిచేసి కొంత నీటిని కాలువలలోనికి మళ్లించెననియు, దాని దిగువను నది పాయలుగా చీలుననియు, అందులో ఈ వశిష్ఠ పాయ అంతర్వేది యొద్ద సముద్రములో కలియుననియు చెప్పితిని. "అయితే మనల ముంచిన నీళ్లు ఇక్కడ వరి పండిస్తయన్నమాట" అని ఆమె నెమ్మదిగా అనెను.

సాయంకాలము ఆటోలో పేరుపాలెము సముద్రతీరమునకు పోయితిమి. సరుగుడు చెట్లు దాటగానే ఆ మ్రోత వినబడెను. వరద వచ్చిననాడు మూడేండ్లవాడైన మా చిన్నవాడు ఆ శబ్దము వినగానే నా మెడ పట్టుకొని ఏడ్చుట మొదలుపెట్టెను. రెండేండ్లుగా వానికి నీటి భయము పోలేదు. మేమందరము ఎండిన యిసుకలోనే నిలిచిపోతిమి. అమ్మ ఒక్కతెయే కఱ్ఱ పొడుచుకొనుచు ముందుకు నడచి, తడి యిసుక మొదలైన చోట ఆగెను. అల వచ్చి ఆమె పాదములను తాకి వెనుకకు పోయెను. మరియొకటి వచ్చెను, అదియు పోయెను. ఆమె కఱ్ఱతో యిసుకమీద గీత గీసి, వానిని పిలిచి, "చూడు బిడ్డా, ఎంత కోపంగ వచ్చినా మళ్లా పోతంది" అనెను.

"ఇంట్లోకి రాదా నాయనమ్మా?"

"దానికి హద్దు పెట్టినోడు ఉన్నడు."

వాడు చాలసేపు చూచెను. చీకటి పడువేళకు చీలమండలు తడియునంత దూరము వచ్చి ఆమె చేయి పట్టుకొని నిలిచెను. అంతకుమించి ఎవరిని లోతునకు పోనీయలేదు. ఆ తీరమున అలలను తేలికగా ఎంచరాదు.

అయితే చదువరీ, నా మనస్సులో ఒక ప్రశ్న లేచినది. 1977 నవంబరు 19న దివిసీమలో ఈ సముద్రమే హద్దు దాటి వచ్చి వేలమందిని తీసికొనిపోలేదా? మన నది మన యింటిలోనికి రాలేదా? హద్దు ఎక్కడ? ఆ రాత్రి యోబు గ్రంథము తీసి, సముద్రమునకు తలుపులు పెట్టిన దేవుడు మాటలాడిన అధ్యాయమును చదివితిని. ఎన్నోసారులు చదివినదే. కాని ఆ మాటలు ఎవరితో చెప్పబడెనో అంతకుమునుపు ఆలోచింపలేదు. సుఖముగా ఒడ్డున కూర్చున్నవానితో కాదు. ఒక్కనాడే పదిమంది బిడ్డలను పోగొట్టుకొని బూడిదలో కూర్చున్నవానితో చెప్పబడినవి. దేవుడు వానికి కారణము చెప్పలేదు. నీళ్లు నా చేతిలోనుండి జారిపోలేదని మాత్రము చూపెను. యోబునకు అది చాలెను. నాకును, పూర్తిగా కాకపోయినను, ఆ రాత్రి నిద్రపట్టుటకు చాలెను.

ఇంకొకటి చెప్పవలెను. ఆ తీరమున ఇంజను పడవలు యిసుకమీదికి లాగి పెట్టబడియుండెను. వలలు బాగుచేసికొనుచున్న ఒక పెద్దాయనను, పడవలు ఎందుకు పోలేదని అడిగితిని. "ఇప్పుడు వేటకెళ్లకూడదండి. చేప గుడ్డు పెట్టే కాలమండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులండి" అనెను. కడుపు ఎట్లు గడచునంటిని. "కష్టమేనండి. కానీ ఇప్పుడు ఆపకపోతే రేపు వలలో ఏం పడుద్దండి?" అనెను.

ఆ మాట నన్ను పొడిచినది. సముద్రమునకు అలలలో హద్దున్నది. వేటకు దినములలో హద్దున్నది. హద్దు లేనిది నా కష్టమునకే. ఆరు దినముల పనికి ఏడవదినము దేవుడు గీసిన గీత. దానిని చెరిపినవాడను నేనే. చెరుపుటవలన అప్పు కొంత తగ్గినమాట నిజమే. గాని నా బిడ్డ నన్ను లారీవానిగా ఎరిగినది గాని ప్రార్థించువానిగా ఎరుగలేదు. అపొస్తలులకు భోజనము చేయుటకైనను తీరిక లేనప్పుడు ప్రభువు వారిని పడవమీద ఏకాంతస్థలమునకు తీసికొనిపోయెనని మార్కు సువార్తలో చదువుదుము. జనులు వారికంటె ముందుగానే అక్కడికి చేరిరి. ఆ విశ్రాంతి పడవ ప్రయాణమంతయే. అయినను ప్రభువు దానిని ఇచ్చెను.

మరునాడు ఆదివారము. నరసాపురములో ఆరాధనకు పోయితిమి. 1836లో బౌడెన్, బీరు అను ఇద్దరు దైవజనులు భార్యలతో సముద్రము దాటి ఇంగ్లాండునుండి వచ్చి, తరువాత ఆ ప్రాంతమున సువార్తపని నాటిరి. దేశములకు హద్దుగా ఉన్న నీటినే దేవుడు తన వాక్యమునకు త్రోవగా చేసెను. చాలకాలము తరువాత నేను నా కుటుంబముతో ఒకే బల్లమీద కూర్చుండి ప్రార్థించితిని. ఆనాడు ఎవరును నా కొరకు ఏడ్వలేదు గాని నేను ఏడ్చితిని.

తిరిగి వచ్చినవెనుక ఆదివారము లారీపనికి రానని చెప్పితిని. మేస్త్రీ రెండు వారములు నాకు అసలే పని ఇయ్యలేదు. ఆ నెల ఇరుకాటముగా గడచినది. అప్పు ఇంకను ఉన్నది. గోదావరి మరల రావచ్చును. ప్రతి శ్రావణమున మేము ఆ మూడు గుర్తులవైపే చూచుచున్నాము. గాని నీరు పెరుగుచున్నదను మాట వినబడినప్పుడు మా చిన్నవాడు ఇప్పుడు ఏడ్వడు. "నాయనమ్మ గీత గీస్తది" అనును.

చదువరీ, మీ ఇంటిలోను ఎవరికో ఇచ్చిన మాట ఒకటి వాయిదాపడి యుండవచ్చును. సముద్రము వరకు పోవలెనని లేదు. చెరువుగట్టు చాలును, చింతచెట్టు నీడ చాలును. నీటికి హద్దు ఏర్పరచిన చేయి మీ కష్టమునకు కూడ మంచి హద్దు నియమించి, ఆ హద్దులోపల మీ యింటివారిని మరల మీకు ఇచ్చును గాక. ఆమేన్.