25ని 25గానే ఉండనివ్వండి

మా బావమరిది తీసిన ప్రభల వీడియోను స్టాక్ ఫుటేజ్ అమ్మే సంస్థ మొన్న తిప్పి పంపింది. కారణం ఒక్క వాక్యంలో రాశారు: కదలికలో కుదుపు ఉంది, ఒక ఫ్రేము మీద ఇంకో ఫ్రేము నీడ పడుతోంది. నాకు పట్టరాని కోపం వచ్చింది. వాళ్ల మీద కాదు, వాళ్లు చెప్పింది అక్షరాలా నిజం. బంగారం లాంటి ఆ దృశ్యాన్ని అమెరికా కోసమని మార్చి పాడుచేశారే, దాని మీద.

కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసినవాళ్లకు నేను వర్ణించి చెప్పక్కర్లేదు. గంగలకుర్రు ప్రభ కౌశిక నదిలోకి దిగుతుంది. మోసేవాళ్లకు పీకల్లోతు నీళ్లు, పైన రంగురంగుల బట్టలతో అంతెత్తు ప్రభ, గట్టు మీద వేలమంది గొంతుల్లో ‘శరభ శరభ’. 2023 రిపబ్లిక్ డే నాడు ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీలో నడిచింది ఈ ప్రభల తీర్థమే. ఆ దృశ్యానికి కదలికే ప్రాణం. నీళ్లలో ప్రభ ఒకసారి ఒరిగి మళ్లీ నిలబడుతుందే, సరిగ్గా ఆ క్షణంలో బొమ్మ తడబడితే ఇంకేం మిగిలింది?

ఫోన్ చేస్తే మా వాడు, “బావా, అమెరికా వాళ్లకి 29.97 ఉండాలంట కదా, ఎడిటింగ్ షాపులో మార్పించి పంపాను” అన్నాడు. వాడు తీసింది శుభ్రంగా సెకనుకు 25 ఫ్రేముల్లో. ఈ ‘అంట కదా’ ఎక్కడ పుట్టిందో గానీ గుంటూరు నుంచి డల్లాస్ దాకా అందరి నోటా అదే మాట. చాలా సంస్థల నిబంధనల్లో ఏ వేగంలో తీశారో ఆ వేగంలోనే ఇవ్వమంటారు. 23.976, 24, 25, 29.97, అన్నీ తీసుకుంటారు. 25 తక్కువరకం అని ఎవరూ అనలేదు, మనకు మనమే అనుకుంటున్నాం.

అసలు ఆ 29.97 ఎలా వచ్చిందో చూడండి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, అందుకని టీవీకి సెకనుకు 30 బొమ్మలు పెట్టుకున్నారు. 1953లో రంగుల టీవీ ప్రమాణం ఖాయం చేసుకునేటప్పుడు రంగు సంకేతం, ధ్వని సంకేతం ఒకదానికొకటి అడ్డుపడకుండా ఆ 30ని సుమారు వెయ్యోవంతు తగ్గించారు. పాత నలుపు తెలుపు టీవీలు కూడా పనిచేయాలి కదా, వాళ్ల ఇబ్బంది వాళ్లది. మన కరెంటు 50 హెర్ట్జ్. 1982లో ఏషియాడ్ నాటికి మనకు రంగుల టీవీ వచ్చింది ప్యాల్ పద్ధతిలో, సెకనుకు నిండుగా 25. ఈ 25ని 29.97 చేయాలంటే సెకనుకు దాదాపు 5 ఫ్రేములు లేనివి పుట్టించాలి. ఉన్న ఫ్రేమునే మళ్లీ వేస్తే కుదుపు, పక్కపక్క ఫ్రేములను కలిపి వండితే నీడ. మా వాడి ప్రభకు రెండూ పట్టాయి. పైగా షాపువాళ్లు వెనకాల సినిమా పాట కూడా కలిపారు. హక్కులు మనవి కాని పాట ఉన్న వీడియోను ఎవరు అమ్ముతారు?

నేనుండే ఈ అమెరికావాళ్లను చూస్తే ముచ్చటేసే సంగతి మాత్రం ఒకటుంది. రిక్ ప్రెలింగర్ అనే ఆయన 1980ల నుంచి పాత ప్రకటనలు, బడి పిల్లలకు చూపించే చిత్రాలు, ఫ్యాక్టరీలు తీయించుకున్న చిత్రాలు పోగుచేశాడు. ఎవరూ లెక్కచేయని రీళ్లు అవి. 2002లో ఆ సేకరణను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసే తీసుకుంది. మామూలు మనుషులు రోడ్డు దాటడం, వంట చేసుకోవడం కూడా దాచుకోవలసిన సరుకేనని వీళ్లకు తెలుసు. మనకో? పెళ్లి క్యాసెట్లు అటక మీద బూజు పడతాయి. కార్డులో ఉన్న అసలు ఫైళ్లు తుడిచేసి వాట్సాప్‌లో వచ్చిన ముక్కను దాచుకుంటాం. అలాగని మన దగ్గర తీసేవాళ్లు లేరంటే మాత్రం ఒప్పుకోను. కోనసీమ కుర్రాళ్లు గట్టు మీద నిలబడి తీసే షాట్లు న్యూజెర్సీలో నా చుట్టుపక్కల ఎవరూ తీయలేరు.

ఇంకో బాధ కూడా ఉంది. ఇక్కడ కొన్న కెమెరా పట్టుకుని సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు దాన్ని అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీలోనే వదిలేసి, 1/60 షటర్‌తో పెద్దమ్మ ఇంట్లో ట్యూబులైటు కింద తీస్తారు. మన ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. 1/60లో ఆ మినుకులు పూర్తి లెక్కకు పట్టవు, అందుకే ఒక ఫ్రేము వెలుగు, ఒక ఫ్రేము మసక. తరవాత “మన కరెంటే అంత” అని నిట్టూరుస్తారు. కరెంటు తప్పేం లేదు. మెనూలో ప్యాల్ ఎంచుకుని షటర్ 1/50 పెడితే అదే గది నిలకడగా వెలుగుతుంది.

వేగం మార్చడమే పాపం అనటం లేదు నేను. చిన్నప్పుడు శుక్రవారం సాయంత్రం చిత్రలహరి వస్తుంటే అమ్మ పొయ్యి తగ్గించి వచ్చి గుమ్మంలో నిలబడేది. హాల్లో విన్న పాట టీవీలో కాస్త హుషారుగా, గొంతు కాస్త సన్నగా ఉన్నట్టు ఉండేది. మా అన్నయ్య నమ్మేవాడు కాదు. ప్యాల్ టీవీ ఉన్న దేశాల్లో 24 ఫ్రేముల సినిమాను టీవీకి ఎక్కించేటప్పుడు 25 వేగంతో నడిపించడం మామూలేనని చాలా ఏళ్ల తరవాత తెలిసింది. 4 శాతం వేగం పెరుగుతుంది, అంతే. ఫ్రేము ఒకటి పోదు, ఒకటి పుట్టదు. సావిత్రి కన్ను ఎత్తిన తీరు అలాగే ఉంటుంది. అమెరికా ఎడిటరుకు 24లో కావాలంటే మన 25ని ఆ మేరకు నెమ్మదిగా నడుపుకుంటాడు. ఆ పని అతనికి చిటికెలో పని.

కాబట్టి మార్చవలసింది మార్చండి. సంస్థ ఎంఓవీ అడిగితే, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేరుతో లోపలి బొమ్మను ముట్టుకోకుండా పైన డబ్బా, అంటే ఫైలు రకం, ఒక్కటీ మార్చవచ్చు. డబ్బు ఖర్చు లేదు, నాణ్యత నలుసంత తగ్గదు. రంగులు దిద్దితే మాత్రం ప్రోరెస్ 422 హెచ్‌క్యూలో ఇవ్వండి. 4కె, 25లో అది సెకనుకు 737 మెగాబిట్లు, 20 సెకన్ల ముక్కకే దాదాపు 1.8 గిగాబైట్లు. బరువే, అయినా మోయాలి. ఫోనులో తీసినవాటికి ఫ్రేముల వేగం వెలుతురును బట్టి మారుతుంటుంది. వాటిని ఒక స్థిరమైన వేగానికి కట్టక తప్పదు. జనం ముఖాలు కనిపించే తీర్థం కాబట్టి, వాళ్ల అనుమతి సంతకాలు లేకుండా ఈ వీడియో వార్తా వినియోగానికే వెళుతుంది. అందుకే వివరణలో ‘దక్షిణ భారత పండుగ’ అని తేల్చేయకుండా ఊరు పేరు, తేదీ సరిగా రాయాలి.

కార్డు ఇంకా తుడవలేదని మా వాడు చెప్పాడు. అసలు ఫైలు రాజమండ్రి నుంచి రెండు రాత్రులుగా ఎక్కుతూనే ఉంది, సగం దాటింది. కౌశిక గట్టున ఆ రోజు కెమెరా పట్టుకున్నవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే, షాపుకి ఇచ్చే ముందు నాకు పంపండి.