ఆరు నెలలకో టీటీ



ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలామంది ఒకే సంగతి అడిగారు: కాలికి మేకు గుచ్చుకుంది, ధనుర్వాతం టీకా (టీటీ) వేయించుకుని ఆరు నెలలు దాటింది, మళ్లీ వేయించుకోవాలా అని. అదే ప్రశ్న మొన్న క్లాసులో, త్వరలో హౌస్ సర్జన్లు కాబోయే మా పిల్లలకు వేశాను. ధనుర్వాతం క్రిమి ఎక్కడుంటుందో, దాని విషం నరాలను ఎలా పట్టుకుంటుందో, ముందుగా దవడలు ఎలా బిగుసుకుంటాయో గడగడా చెప్పారు. ఆరు నెలల మాటకొచ్చేసరికి చాలామంది "వేయాలి సార్" అన్నారు. మీరు చివరిసారి ఈ టీకా ఎప్పుడు వేయించుకున్నారని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పిల్లలను తప్పుపట్టలేను. చదివింది పరీక్షకు పనికొస్తుంది, చేతికి అలవాటయ్యేది మాత్రం క్యాజువాలిటీలో సీనియర్లు చేసే పని. అక్కడ మోచెయ్యి గీరుకుపోయినా టీటీయే, ట్రాక్టరు కింద కాలు నలిగినా టీటీయే.

చాలా దేశాల్లో పాటించే లెక్క ఇది. కనీసం మూడు డోసులు పూర్తయినవాళ్లకు శుభ్రమైన చిన్న గాయం తగిలితే, చివరి డోసు పడి 10 ఏళ్లు దాటితేనే మళ్లీ టీకా. మట్టో పేడో అంటిన గాయమైనా, లోతుగా దిగినదైనా 5 ఏళ్లు దాటితే చాలు, వేయాలి. ఆరు నెలల గడువు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఇప్పుడు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేసేది టీటీ కాదు, డిఫ్తీరియా రక్షణ కూడా కలిసిన టీడీ. పేరు మారినా జనం నోట్లో టీటీగానే ఉంది, ఫరవాలేదు.

అనవసరంగా పడిన సూదితో చెయ్యి వాచి నాలుగు రోజులు నొప్పి పెట్టి తగ్గిపోవచ్చు. ఒక్క డోసూ ఎరగని మనిషికి అదే ఒక్క సూది వేసి ఇంటికి పంపితేనే ప్రాణం మీదికొస్తుంది. దేశంలో పసిపిల్లల టీకాల కార్యక్రమం 1978లో మొదలైంది, అన్ని జిల్లాలకూ చేరేసరికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఆడవాళ్లకు కడుపుతో ఉన్నప్పుడైనా ఈ టీకా వేస్తున్నారు. పురిటి గదుల్లో తల్లీబిడ్డలను కబళించే ధనుర్వాతాన్ని మన దేశం 2015 నాటికి అదుపులోకి తెచ్చిందంటే అందులో ఆ సూదుల పాలు పెద్దది. మరి యాభై దాటిన మగ రైతు సంగతి? ఆయనకు ఈ టీకా ఎప్పుడు పడినట్టు?

అలాంటివాళ్ల ఒంట్లో టీకా వల్ల రక్షణ తయారవడానికి వారాలు పడుతుంది. జబ్బు సాధారణంగా 3 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది. అందుకే మురికి గాయాన్ని బాగా కడిగి, చచ్చిన కండ తీసేసి, టీకాతోపాటు ఇంకో చోట ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇవ్వాలి. అది సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు, మామూలుగా 250 యూనిట్లు. నాలుగు వారాల తర్వాత రెండో డోసు, మరో ఆరు నెలల నుంచి ఏడాదిలోగా మూడోది వేయాలి. "అయ్యా, చిన్నప్పుడు టీకాలు వేయించారా? మిలిటరీలో ఏమైనా పనిచేశారా?" అని అడగడానికి అరనిమిషం చాలు. ఆ అరనిమిషం ఆగమనే ఇప్పుడు మా పిల్లలకు పదే పదే చెబుతున్నాను.

ఈ క్రిమి మట్టిలో ఉంటుంది కాబట్టి దాన్ని ఊళ్లోంచి తరిమేయలేం. మనిషి నుంచి మనిషికి అంటే జబ్బు కాదు కనుక, పక్కింటివాళ్లంతా టీకా వేయించుకున్నా మీకు ఒరిగేదేమీ లేదు. జబ్బు వచ్చి బతికి బయటపడ్డవాళ్లకు కూడా టీకా తప్పదు, ఎందుకంటే జబ్బు తెచ్చే ఆ కొద్దిపాటి విషానికి శరీరంలో రక్షణ ఏర్పడదు.

మీ ఇంట్లో నాన్నగారో, మామగారో, పొలం పనులు చూసే పెద్దాయనో ఉంటే ఈ వారం ఒకసారి అడగండి. టీకా పడలేదన్నా, గుర్తులేదన్నా, గాయమయ్యేదాకా ఆగకుండా పీహెచ్‌సీకి తీసుకెళ్లి మొదటి డోసు వేయించండి. తేదీ ఒక కాగితం మీద రాసి ఆధార్ కార్డుతోపాటు దాచండి. అక్కడి ఏఎన్ఎం గారు ఏమన్నారో నాకు రాయండి.

మీ
డాక్టరు